రెండేళ్ల తిరుపతి, ముప్పై ఏళ్ల కువైట్



మన గదుల్లో గురువారం రాత్రి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మరునాడు సెలవు. వంట అవుతుంది, గిన్నెలు తోమే వంతు ఎవరిదో తేలుతుంది, ఆ తర్వాత ఒక్కొక్కరూ ఫోను పట్టుకుని ఒక్కో మూలకు చేరతారు. ఒకరు మెట్ల మీద, ఒకరు మిద్దె మీద, ఒకరు దుప్పటి ముసుగులో. ఎవరు ఇంటికి ఏం మాట్లాడుతున్నారో గదిలో అందరికీ వినపడుతుంది. అందరూ వినపడనట్టే ఉంటారు. అది మన గదుల మర్యాద.

ఆ మాటలు ఒకసారి గమనించండి. "అన్నం తిన్నావా? పిల్లోడు బడికి పోయినాడా? డబ్బులు అందినాయా? అమ్మకు మాత్రలు తెచ్చినారా?" నాలుగు నిమిషాల్లో సంగతులు అయిపోతాయి. ఆ తర్వాత ఏం మాట్లాడాలి? భార్యాభర్తలు తీరిగ్గా మాట్లాడుకోవాలంటే ఇద్దరికీ తెలిసిన సంగతులు ఉండాలి. కలిసి బతికితేనే అవి పుడతాయి. మనం ఆడవాళ్లతో కలిసి బతికింది ఎన్నాళ్లని?

ఈ విషయంలో నాకు ఒక అదృష్టం కలిసొచ్చింది. మా ఆవిడా నేనూ ఒకే తరగతిలో చదువుకున్నాం. 1988 నుంచి 1990 దాకా తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఎకనామిక్స్. ఆ రెండేళ్ల కబుర్లు పెట్టుబడిగా పెట్టుకుని ముప్పై ఏళ్లు ఉత్తరాల్లో, క్యాసెట్లలో, ఫోన్లలో కాపురం చేశాం. ఆ కథ రాయమని మా గదిలో కుర్రవాళ్లు అడిగితే రాస్తున్నాను. అయితే ఆ పెట్టుబడి ఒక రోజు అయిపోయింది. అప్పుడు ఏం జరిగిందో చెప్పడం నాకు ఇంకా ముఖ్యం. రెండూ చెబుతాను.

మాది రాజంపేట దగ్గర పల్లె. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక మాకు ఎంతో దూరం లేదు. డిగ్రీ దాకా నా చదువంతా తెలుగు మీడియం. ఎకనామిక్స్ నాకు అర్థశాస్త్రంగానే తెలుసు. తెలుగు అకాడమీ పుస్తకాలు చదివి మంచి మార్కులే తెచ్చుకున్నాను. యూనివర్సిటీలో అడుగు పెట్టేసరికి మొదటి రోజు నుంచే పాఠం ఇంగ్లీషులో. మేష్టారు బోర్డు మీద గీసే గీతలు అర్థమయ్యేవి, నోటితో చెప్పేది అర్థమయ్యేది కాదు. నాలాంటి వాళ్లం వెనక బెంచీల్లో పదిమందిమి ఉండేవాళ్లం. సాయంత్రమైతే హాస్టల్లో కూర్చుని, ఇంటికి తిరిగిపోదామా అని మాట్లాడుకునేవాళ్లం.

ముందు బెంచీలో ఆరుగురు ఆడపిల్లలు. వాళ్లలో ఒకామె కడపలో ఇంగ్లీషు మీడియం చదివి వచ్చింది. గబగబా నోట్సు రాసుకునేది. ఆ నోట్సు అడగడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ రోజుల్లో ఆడపిల్లను పలకరించడమంటే చిన్న విషయం కాదు. "ఏమండీ, మీ నోట్సు ఒక్క రోజు ఇస్తారా?" అనే మాటను హాస్టల్ గదిలో నాలుగైదు సార్లు అనుకుని మరీ పోయాను. ఆమె ఇచ్చింది. ఇస్తూ ఒక షరతు పెట్టింది.

"మీరు చదివిన తెలుగు పుస్తకం నాకు ఇవ్వండి. నేను బట్టీ పడుతున్నాను గానీ, ఇదంతా దేని గురించో నాకూ తెలియడం లేదు" అంది.

అలా మొదలైంది. లైబ్రరీలో ఒకే బల్లకు అటొకరు, ఇటొకరు. ఆమె ముందు నా తెలుగు పుస్తకం, నా ముందు ఆమె ఇంగ్లీషు నోట్సు. ఆమె ఇండిఫరెన్స్ కర్వ్ అంటే నేను ఉదాసీనతా వక్రరేఖ అనేవాణ్ణి. ఆ మాట వినగానే ఆమెకు నవ్వు వచ్చేది. నవ్వు ఆపుకోలేక బయటికి పోయి వచ్చేది. ఒక సంగతిని ముందు తెలుగులో నేను చెప్పడం, ఆ తర్వాత దానికి ఇంగ్లీషు మాట ఆమె చెప్పడం. రెండు నెలలు తిరిగేసరికి వెనక బెంచీ పదిమందికీ ఆ పద్ధతి పాకింది. మాలో ఒక్కరు కూడా చదువు మధ్యలో వదిలి పోలేదు.

తిరుపతిలో ఎక్కడ నిలబడినా కొండ కనిపిస్తుంది. క్యాంపస్ అయితే కొండ కిందే ఉన్నట్టు ఉంటుంది. వానాకాలంలో పెద్ద వాన పడితే కపిలతీర్థంలో పైనుంచి నీళ్లు దూకుతాయి. "నీళ్లు పడుతున్నాయంట" అని ఎవరో ఒక కబురు తెచ్చేవారు. అంతే, మధ్యాహ్నం క్లాసు సగం ఖాళీ. అందరం గుంపుగా నడిచిపోయి కోనేటి గట్టున నిలబడి, తుంపర మొహాన పడుతుంటే చూసి వచ్చేవాళ్లం. గుంపులో ఆమె ఒక చివర, నేను ఒక చివర. మాట్లాడుకున్నది లేదు. అయినా ఆ జలపాతం మేమిద్దరమే చూశామన్నట్టు నాకు గుర్తు.

రెండో సంవత్సరం పరీక్షల ముందు క్లాసంతా కలిసి అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కాం. 3,550 మెట్లు. ఎక్కిన కొత్తలో అందరూ పాటలు, గాలిగోపురం దగ్గరికి వచ్చేసరికి అందరూ మౌనం. మోకాళ్ల పర్వతం దగ్గర ఒకరు "ఇంక నా వల్ల కాదు" అని కూలబడ్డారు. ఆ కూలబడింది ఆమే అని నేను అంటాను. కాదు, మీరే అని ఆమె అంటుంది. ఈ తగాదా 1990 నుంచి నడుస్తోంది. సాక్షులుగా ఉన్న స్నేహితులను అడిగితే, సగం మంది ఆమె వైపు, సగం మంది నా వైపు.

ఇంకో తగాదా రైలుది. శనివారం ఊళ్లకు పోయి ఆదివారం సాయంత్రం ప్యాసింజర్ రైలులో తిరిగి వచ్చేవాళ్లం. ఆమె కడపలో ఎక్కేది, నేను రాజంపేటలో. నేను ఎక్కేసరికి పెట్టె కిక్కిరిసి ఉండేది. కానీ ఆమె ఎదురు సీటులో ఒక చోటు మాత్రం ఖాళీ. దాని మీద ఆమె క్యారియర్ ఉండేది. నేను రాగానే క్యారియర్ తీసి ఒళ్లో పెట్టుకునేది. కోడూరు దాటాక అది తెరిస్తే చిత్రాన్నమో, ఓళిగలో, చెనిక్కాయల పొడి కలిపిన అన్నమో. నలుగురం తినేవాళ్లం. రేణిగుంట వచ్చేసరికి అడుగు కనిపించేది. ఆ చోటు నా కోసమే ఆపావు కదా అంటే ఆమె ఇప్పటికీ ఒప్పుకోదు. "క్యారియర్ కింద పెడితే ఎవరైనా తంతారని సీటు మీద పెట్టినాను" అంటుంది.

ప్రేమించానని ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేదు. చివరి పరీక్ష అయిన రోజు లైబ్రరీ ముందు నా తెలుగు పుస్తకం తిరిగి ఇవ్వబోయింది.

"మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాను.

"ఎన్నాళ్లు?" అంది.

"ఎన్నాళ్లయినా."

ఆమె పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని హాస్టల్ వైపు నడిచిపోయింది. మా మధ్య జరిగిన పెద్ద సంభాషణ అదే.

ఆ తర్వాత అసలు కథ మొదలు. మా ఇంట్లో వాళ్లు వెళ్లి అడిగారు. ఆమె నాన్న నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడారు. "పిల్లోడు మంచోడే. ఎమ్మే చదివినాడు సరే, ఏం పెట్టి సాకుతాడు?" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. మా ప్రాంతంలో ఎమ్మే చదివి ఇంట్లో కూర్చున్నవాళ్లు అప్పటికే చాలామంది ఉన్నారు.

మా చిన్నాన్న కువైట్‌లో పనిచేసేవాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఆయన కట్టుబట్టలతో జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, అక్కడి నుంచి విమానంలో ఇల్లు చేరాడు. మన దేశం వాళ్లు లక్ష మందికి పైగా అలాగే వచ్చారు. 1991 ఫిబ్రవరిలో కువైట్‌కు విముక్తి కలిగింది. ఆ ఏడాది చివరలో ఆయన మళ్లీ పోయాడు. దేశమంతా తిరిగి కట్టుకుంటున్నారు, మనుషులు కావాలి అని ఉత్తరం రాశాడు. కంపెనీలో స్టోర్ కీపర్ వీసా పంపాడు. ఆ కాగితం చూసి మామ ఒప్పుకున్నాడు.

చూడండి విచిత్రం. కువైట్ వీసా వస్తే గానీ పెళ్లి కాలేదు. పెళ్లి అయితే, ఆ వీసా మీద నేను ఒక్కణ్ణే పోవాలి. 1992 మేలో పెళ్లి, అక్టోబరులో బొంబాయిలో విమానం ఎక్కాను.

ఆ రోజుల్లో వచ్చినవాళ్లకు క్యాసెట్ల సంగతి తెలుసు. ఉత్తరం పోవడానికి పదిహేను రోజులు, జవాబు రావడానికి పదిహేను రోజులు. ఎవరైనా సెలవుకు పోతుంటే వాళ్ల చేతికి ఉత్తరంతో పాటు ఒక క్యాసెట్ ఇచ్చేవాళ్లం. ఇంట్లో టూ ఇన్ వన్‌లో వేసుకుని వినేవాళ్లు. వాళ్లు అదే క్యాసెట్ వెనక వైపు మాట్లాడి పంపేవాళ్లు. ఇక్కడ ఇబ్బంది ఏమిటంటే, అక్కడ క్యాసెట్ పెడితే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటారు. మా అమ్మ, నాన్న, తమ్ముళ్లు, పక్కింటివాళ్లు కూడా. ఇక్కడ పెడితే గదిలో ఎనిమిదిమంది. మొగుడూ పెళ్లాల మాట ఎక్కడ చెప్పుకోవాలి?

దానికి మా ఆవిడే ఒక దారి కనిపెట్టింది. రెండో క్యాసెట్‌లోనో మూడో క్యాసెట్‌లోనో అందరి క్షేమ సమాచారాలూ చెప్పి, చివర్లో, "ఈ నెలంతా కపిలతీర్థంలో నీళ్లు పడుతూనే ఉన్నాయండీ" అంది. మా అమ్మ పక్కనే ఉన్నట్టుంది. "యాడ కపిలతీర్థం, యాడ రాజంపేట, నీకెట్ల తెలిసె?" అని అమ్మ అడగడం కూడా టేపులో వినిపించింది. గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నెలంతా ఏడుస్తూ ఉందని నాకు అర్థమైంది.

అప్పటి నుంచి తిరుపతి మాటలు మాకు రహస్య భాష అయ్యాయి. "మెస్ బిల్లు కట్టాలి" అంటే ఇంట్లో తెలియకుండా ఆమె చేతికి కొంచెం డబ్బు కావాలని. "సెమినార్ బాగా జరగలేదు" అంటే అత్తా కోడళ్లకు మాట పట్టింపు వచ్చిందని. "మెట్లు ఎక్కుతున్నాను, మోకాళ్ల పర్వతం దాకా వచ్చినాను" అని ఒకసారి చెప్పింది. ఏడో నెల అని నేనే లెక్క వేసుకున్నాను. మా అమ్మాయి పుట్టిన కబురు నాకు చేరేసరికి బిడ్డకు ఇరవై రోజులు. ఆ ఉత్తరం మొదటి వరసలో ఆమె రాసింది: "కొండ ఎక్కేశాను."

తర్వాత ఎస్టీడీ బూతులు వచ్చాయి, ఫోన్ కార్డులు వచ్చాయి. గీకి నంబరు కొట్టి, నిమిషాలు చూసుకుంటూ మాట్లాడేవాళ్లం. ఆ తర్వాత సెల్‌ఫోన్లు, ఇప్పుడు మొహం చూసుకుంటూ మాట్లాడుకోవడం. ఖర్చు తగ్గింది, సమయం పెరిగింది. మా కబుర్లు మాత్రం అవే. గురువారం రాత్రి ఇంటి సంగతులు అవగానే ఇద్దరిలో ఎవరో ఒకరు, "ఆ రోజు గుర్తుందా" అని మొదలుపెట్టడం. రైలు, క్యారియర్, మెట్లు, 1989లో హాస్టల్ గేటు మూసేలోపు రావాలని చివరి భాగం చూడకుండా లేచి వచ్చిన "గీతాంజలి" సినిమా. మా గదిలో పాత కుర్రవాళ్లకు ఈ కథలన్నీ కంఠతా వచ్చు.

ఫ్యామిలీని తెచ్చుకోలేదా అని అడుగుతారు. నేను వచ్చిన కొన్నేళ్లకు ఆమె బీఈడీ చేసి, డీఎస్సీ రాసి, ప్రభుత్వ బడిలో సోషల్ టీచరు అయింది. ఆ ఉద్యోగం వదిలి రమ్మని ఎలా అనను? పిల్లలు కొంచెం పెద్దయ్యాక, జీతం లేని సెలవు పెట్టి రెండేళ్లు వచ్చి ఉంటానంది. నా జీతం అప్పటికి 250 దినార్లు దాటింది, అప్పటి నిబంధనకు అది సరిపోతుంది. ఆ ఏర్పాట్లలో ఉండగా 2016లో ఫ్యామిలీ వీసాకు జీతం 450 దినార్లు ఉండాలన్నారు. 2024 జనవరిలో అది 800 అయింది. మనలో ఎంతమందికి 800 వస్తుందో మీకు తెలుసు. మొత్తం మీద ఆమె కువైట్ చూసింది ఒక్కసారే. 2011 వేసవి సెలవుల్లో విజిట్ వీసా మీద 30 రోజులు.

ఇలా ఉండగా 2020 ఫిబ్రవరి చివరి వారంలో 40 రోజుల సెలవు మీద ఇంటికి పోయాను. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. నలభై రోజులు కాస్తా పది నెలలు దాటాయి. మా కంపెనీ దాన్ని జీతం లేని సెలవుగా రాసుకుంది. ఆగస్టు నుంచి మన దేశం వాళ్లు కువైట్‌కు నేరుగా పోవడానికి లేదన్నారు. చివరికి 2021 జనవరిలో దుబాయిలో పద్నాలుగు రోజులు ఉండి ఇక్కడికి చేరాను. మీలో చాలామందికి ఈ బాధ తెలుసు. అప్పులు, అకామా భయం, ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియని రాత్రులు.

కానీ నేను చెప్పదలచింది వేరే సంగతి. పెళ్లయిన తర్వాత అన్నాళ్లు ఒకే ఇంట్లో ఉండడం మాకు అదే మొదటిసారి. పిల్లలు పెద్దవాళ్లై ఎవరి ఉద్యోగాల్లో వాళ్లున్నారు. ఇంట్లో ఇద్దరమే. మొదట సంబరంగా ఉంది. పొద్దున, సాయంత్రం తిరుపతి కబుర్లే. సరిగ్గా పదిహేను రోజులకు ఆ కబుర్లు అయిపోయాయి. నేను రైలు సంగతి ఎత్తబోతే ఆమె నవ్వి, "క్షీణోపాంత ప్రయోజన సూత్రం గుర్తుందా? మొదటి మామిడిపండంత తీపి పదో పండు ఉండదు" అంది. నిజమే. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు ఊరికే కూర్చున్నాం. ఏం మాట్లాడాలో తోచలేదు.

మరునాడు ఆమె ఒక నోటుపుస్తకం వెనక పేజీలో లెక్క వేసింది. పెళ్లయ్యాక నేను విమానం ఎక్కేలోపు 150 రోజులు. 1994 నుంచి 2006 దాకా రెండేళ్లకొకసారి 60 రోజుల సెలవు, ఏడు సార్లు, 420. 2007 నుంచి 2019 దాకా ఏటా 40 రోజులు, పదమూడు సార్లు, 520. ఆమె కువైట్ వచ్చిన 30. మొత్తం 1,120 రోజులు. అంటే మూడేళ్ల 25 రోజులు. ఇరవై ఏడేళ్ల కాపురంలో కలిసి ఉన్నది అంతే. పుస్తకం నా ముందు పెట్టి, "మనం కొత్త దంపతులమే" అంది. హాస్యంగానే అంది గానీ ఆ కాగితం చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది.

కొత్త దంపతులం అన్నది నిజమని ఆ తర్వాత రోజుల్లో తెలిసింది. సెలవుకు పోయిన ప్రతిసారీ పొద్దున్నే ఆమె రెండు గ్లాసుల కాఫీ తెచ్చేది. ఇద్దరం అరుగు మీద కూర్చుని తాగేవాళ్లం. యూనివర్సిటీ క్యాంటీన్లో కాఫీ తాగిన రోజుల నుంచి ఆమెకు కాఫీ ప్రాణం అని నా లెక్క. ఆ ఏడాది ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి నాకొక్కడికే కాఫీ వచ్చింది. నీకేదీ అన్నాను. "నేను కాఫీ మానేసి చానా ఏండ్లాయె. కడుపులో మంట. మీరు వచ్చినప్పుడు నలభై రోజులు తోడుగా తాగేదాన్ని. ఇప్పుడు ఎన్నాళ్లని తాగేది?" అంది.

రాత్రిళ్లు హాల్లో లైటు ఆర్పనిచ్చేది కాదు. మా నాన్న ఒక అర్ధరాత్రి పోయారు. నేను కువైట్‌లో ఉన్నాను, ఆమె ఒక్కతే చీకట్లో స్విచ్చు వెతుక్కుంటూ లేచిందట. ఆ రాత్రి నుంచి ఆ లైటు ఆరలేదు. నాన్న పోయిన సంగతి నాకు ఫోనులో తెలుసు. లైటు సంగతి అన్నేళ్ల తర్వాత తెలిసింది.

ఆమె కూడా నన్ను గమనిస్తూ ఉందని నాకు తెలియదు. ఒక రోజు అంది: "మీరు నాలుగు గంటలకే లేస్తారు. లేవగానే దుప్పటి మడిచి తలగడ మీద పెడతారు. మీ ప్లేటు, మీ గ్లాసు కడిగి వేరేగా బోర్లిస్తారు. బీరువాలో మీ కోసం రెండు అరలు ఖాళీగా ఉంటే, చొక్కా పెట్టెలోంచే తీసి తొడుక్కుని మళ్లీ పెట్టెలోనే పెడతారు. ఇది మీ ఇల్లే కదా?"

బంకు మంచాల గదుల్లో ముప్పై ఏళ్లు ఉన్న మనిషికి అవి అలవాట్లని కూడా తెలియదు. నేను ఏమీ అనలేదు. ఆమె లేచి, నా పెట్టె తెరిచి, ఒక్కొక్క చొక్కా తీసి బీరువాలో సర్దింది. ఖాళీ పెట్టెను అటక మీదికి ఎక్కించమంది. ఎక్కించాను. నేను ఇంటికి చేరింది ఆ రోజే అనిపించింది.

బడులు మూతపడ్డాయి కాబట్టి ఆమె పిల్లలకు ఫోన్లో పాఠాలు చెప్పేది. స్మార్ట్‌ఫోన్ లేని పిల్లలకు మామూలు ఫోను చేసి ఒక్కొక్కరికీ చెప్పేది. పాతికేళ్లుగా టీచరు భార్య అని ఇక్కడ గొప్పగా చెప్పుకునేవాణ్ణి, ఆమె పాఠం ఒక్కటి కూడా వినలేదు. ఆ రోజు వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నాను. ఎవరో పల్లెటూరి పిల్ల, ఇంగ్లీషు పాఠం అర్థం కాక తడుముకుంటోంది. ఈమె తొందరపడలేదు. ముందు సంగతంతా తెలుగులో కథలాగా చెప్పింది. పిల్లకు అర్థమైంది అని తెలిశాక, "ఇప్పుడు దీన్ని ఇంగ్లీషులో ఏమంటారంటే" అని మొదలుపెట్టింది.

ఫోను పెట్టేశాక, "ఈ పద్ధతి ఎక్కడిది?" అన్నాను.

"యాడిదంటే ఏం చెప్పేది? లైబ్రరీలో బల్లకు ఆ పక్క కూర్చున్నాయన దగ్గర నేర్చుకున్నా" అంది.

మిత్రులారా, ముప్పై ఏళ్లు ఆ లైబ్రరీ గురించి మేము ఎన్ని సార్లు చెప్పుకున్నామో లెక్క లేదు. ఆ బల్ల దగ్గర జరిగింది ఆమె రోజూ బడిలో వాడుతూ ఉందని మాత్రం ఆ మధ్యాహ్నం దాకా నాకు తెలియదు. ఎందుకంటే ఫోన్లో నేను మాట్లాడుతూ వచ్చింది 22 ఏళ్ల అమ్మాయితో. ఆమె మాట్లాడుతూ వచ్చిందీ 22 ఏళ్ల అబ్బాయితోనే. ఆ ఇద్దరి కబుర్లు తియ్యగా ఉండేవి కాబట్టి దూరం భరించగలిగాం. దానికి తిరుపతికి ఎప్పటికీ రుణపడి ఉంటాం. కానీ యాభై దాటిన టీచరమ్మ కథ, యాభై దాటిన స్టోర్ కీపర్ కథ ఎవరూ అడగక అలాగే మిగిలిపోయి ఉన్నాయి. ఆ పది నెలల్లో అవి కొంచెం కొంచెంగా చెప్పుకున్నాం. ఆర్థికంగా మాకు అది చాలా చెడ్డ ఏడాది. అయినా ఇప్పుడు ఫోన్లో "ఆ రోజు గుర్తుందా" అంటే, అది తిరుపతి రోజు కావచ్చు, పెట్టె అటకెక్కిన రోజూ కావచ్చు.

నేను తిరిగి వచ్చాక మా గురువారం మాటలు మారాయి. "ఈరోజు బడిలో ఎవరిని తిట్టినావు?" అని అడుగుతాను. "స్టోర్లో ఈ వారం ఏం లెక్క తేలలేదు?" అని ఆమె అడుగుతుంది. మొదట్లో కొంచెం కృతకంగా ఉండేది. పోను పోను ఆమె తరగతిలో అల్లరి పిల్లల పేర్లన్నీ నాకు వచ్చేశాయి. మా ముదీర్ ఏ రోజు ఏ మూడ్‌లో ఉంటాడో ఆమెకు తెలిసిపోయింది.

ఆ తర్వాత ఒక సెలవులో తిరుపతి క్యాంపస్ చూసి వద్దామా అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "అది మనకు వచ్చిన పాఠమే కదా. రాని పాఠం చదువుదాం" అంది. గండికోటకు పోయాం. కడపలో పుట్టి పెరిగి ఆమె చూడలేదు, రాజంపేటలో పుట్టి నేనూ చూడలేదు. ఎర్ర రాళ్ల మధ్య కింద పెన్నానది, పైన గాలి. అంచు దాకా పోవద్దని ఆమె నా చెయ్యి పట్టుకుంది. క్యాంపస్‌లో ఉన్న రెండేళ్లలో ఒక్కసారి కూడా పట్టుకోని చెయ్యి. ఆ సంగతి అక్కడే చెప్పాను. "అప్పుడు అంచు లేదు" అంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా గదిలో ఒక కుర్రవాడు ఉన్నాడు. పెళ్లయిన 28 రోజులకు వచ్చాడు. పెద్దలు కుదిర్చిన సంబంధం, అంతకు ముందు అమ్మాయిని చూసింది ఒక్కసారి. మా కథలు విని ఒక రోజు, "మీకు చెప్పుకోవడానికి కాలేజీ ఉంది అన్నా, మాకేముంది?" అన్నాడు. అతని మాటకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆలోచించి చెప్పాను. ఆ అమ్మాయి చదివిన బడి ఉంది, నీవు చదివిన బడి ఉంది. ఆమెకు నీ బడి తెలియదు, నీకు ఆమె బడి తెలియదు. వారానికొక సంగతి చెప్పుకున్నా ఏళ్ల తరబడి వస్తాయి అన్నాను. ఇప్పుడు గురువారం రాత్రి మెట్ల మీద నుంచి అతని నవ్వు వినిపిస్తుంది. మేము వినపడనట్టే ఉంటాం.

కలిసి చదువుకున్నవాళ్లు ఆ రోజులు తలుచుకోండి, చాలా మంచిది. తలుచుకున్నాక ఒక్క ప్రశ్న అదనంగా అడగండి: ఈ మధ్య నీకేం నచ్చుతోంది, ఏం నచ్చడం లేదు అని. సెలవుకు పోయినప్పుడు పెట్టె ఖాళీ చేసి అటకెక్కించండి. ఉన్నది నలభై రోజులైనా సరే.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ప్రభుత్వ ఉద్యోగులకు పదవీ విరమణ 62 ఏళ్లకు. ఆమెకు ఇంకా సర్వీసు ఉంది. నేను అంతకంటే ముందే ఇక్కడి లెక్కలు ముగించుకుని పోవాలని నిర్ణయించుకున్నాను. పోయాక ఏం చేస్తారు అని ఆమె అడిగింది. పొద్దున్నే నీవు బడికి పోతావు కదా, క్యారియర్ నేను కడతాను అన్నాను. చిత్రాన్నం వచ్చా అంది. ముప్పై ఏళ్లు ఎనిమిదిమందికి వండిన చెయ్యి ఇది అన్నాను. సరే అంది. ఆ రైలులో సీటు మీద క్యారియర్ ఎవరి కోసం పెట్టిందో మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.